ల్యాప్‌టాప్: ప్రాసెసర్ వేగం, బ్యాటరీ నిలిచే కాలం

ప్రాసెసర్ వేగానికీ, ఒక్క ఛార్జింగుతో బ్యాటరీ నిలిచే కాలానికీ మధ్య ల్యాప్‌టాప్ వాడేవారు పొందిక కుదుర్చుకోవాలి. విద్యార్థులకు ఇది రోజువారీ విషయం. చిప్ ఖర్చుచేసే విద్యుత్తు క్లాక్ వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజీనీ పెంచాలి. అందుకే చివరి కొద్దిపాటి వేగానికి చెల్లించే మూల్యం చాలా ఎక్కువ. ల్యాప్‌టాప్ మొత్తం 10 వాట్లు వాడితే 50 వాట్-అవర్ బ్యాటరీ 5 గంటలు వస్తుంది, 25 వాట్లు వాడితే 2 గంటలే. ఛార్జింగ్ దొరకనిచోట ఈ తేడా బాగా తెలుస్తుంది. ఉదాహరణకు, రైలు బోగీల్లో రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు ఛార్జింగ్ పాయింట్లు ఆపాలని రైల్వే ఆదేశాలున్నాయి. రాత్రి ప్రయాణంలో పని ఉన్నవారు బ్యాటరీ సేవర్ పెట్టుకుని, తెర వెలుతురు తగ్గించుకోవడం మేలు. రాతపనికి గరిష్ఠ వేగం అవసరమే లేదు.