విస్ దీవి దగ్గర 72 మీటర్ల లోతున బి-17

క్రొయేషియాకు చెందిన విస్ దీవి ఏడ్రియాటిక్ సముద్రంలో ఉంది. ఆ దీవిలో రుకవాత్స్ అనే చిన్న తీరగ్రామానికి ఎదురుగా, 72 మీటర్ల లోతున, అమెరికా సైన్యానికి చెందిన బి-17జి బాంబర్ ఒకటి ఇసుక మీద నిలిచి ఉంది. 1944 నవంబర్ 6న మునిగిన విమానమది. రెక్కలు, నాలుగు ఇంజన్లు ఇప్పటికీ గుర్తుపట్టేలా ఉన్నాయి. లోతైన నీళ్లలో దిగే డైవర్లు ఇక్కడికి ఎందుకు వస్తారో చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అయితే దాని కథ అర్థం కావాలంటే యుద్ధకాలపు విస్ గురించి ముందు తెలియాలి.

1943 సెప్టెంబర్‌లో మిత్రరాజ్యాల సేనలు దక్షిణ ఇటలీలోని ఫోజా మైదానాలను పట్టుకున్నాయి. ఆ ఏడాది నవంబర్‌లో ఏర్పడిన అమెరికా 15వ వైమానిక దళం అక్కడి స్థావరాల నుంచి ఆస్ట్రియా, హంగరీ, రుమేనియా, దక్షిణ జర్మనీల మీద దాడులు సాగించింది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఏడ్రియాటిక్ దాటాల్సిందే. దెబ్బతిన్న విమానాలకు తిరుగు దారిలో ఆ సముద్రమే గండం. యుగొస్లావియా దీవులు దాదాపు అన్నీ జర్మన్ల చేతికి చిక్కినా విస్ చిక్కలేదు. 1944లో యుగొస్లావియా ప్రతిఘటన నాయకుడు టిటో కొంతకాలం అక్కడినుంచే తన గెరిల్లా పోరాటాన్ని నడిపాడు. దీవి మధ్య ఉన్న ద్రాక్షతోటల లోయలో మిత్రసేనలు అత్యవసర రన్‌వే వేశాయి. ఇటలీ దాకా చేరలేని బాంబర్లకు అది ప్రాణాధారమైంది. దాన్ని అందుకోలేనివి చుట్టూ ఉన్న నీళ్లలో దిగాయి.

ఈ బి-17 అలా దిగినదే. 97వ బాంబింగ్ గ్రూప్‌లోని 340వ స్క్వాడ్రన్‌ది ఇది. ఇంగ్లండ్ నుంచి అమెరికన్లు జరిపిన తొలి భారీ బాంబర్ల దాడి, 1942 ఆగస్టు 17న, చేసింది కూడా ఆ గ్రూపే. నవంబర్ 6న నేటి స్లోవేనియాలోని మారిబోర్ మీద దాడి చేస్తుండగా కింది నుంచి పేల్చిన విమాన విధ్వంసక గుండు శకలాలు విమానాన్ని తాకాయి. కోపైలట్ సెకండ్ లెఫ్టినెంట్ ఎర్నెస్ట్ వియనో ప్రాణాలు కోల్పోయాడు. అతనిది మెయిన్ రాష్ట్రంలోని మిలినాకెట్. పైలట్ విమానాన్ని విస్ దాకా తెచ్చి, నీటి మీద దింపాడు. మిగతావారు బయటపడ్డారు. వియనో దేహాన్ని మాత్రం విమానం మునిగేలోగా బయటకు తీయలేకపోయారు.

బి-17 ఇంత చక్కగా మిగలడంలో దాని నిర్మాణానికీ వాటా ఉంది. కింద అమర్చిన వెడల్పాటి రెక్కలు నీటిని తాకినప్పుడు దెబ్బను తట్టుకునేవి. పై రెక్కల మరో అమెరికా బాంబర్ బి-24లో బాంబుల గదికి పలుచటి తలుపులుండేవి, నీటి తాకిడికి అవి లోపలికి కూలిపోయేవి. విస్ దగ్గరే 1944 డిసెంబర్ 17న పడిన ‘టల్సామెరికన్’ అనే బి-24 అందుకు ఉదాహరణ. పదిమందిలో ముగ్గురు చనిపోయారు. 2010లో దాని శిథిలాలు సుమారు 40 మీటర్ల లోతున, తల్లకిందులై, ముక్కలై దొరికాయి.

యుద్ధం తర్వాత విస్ యుగొస్లావియా సైనిక స్థావరమైంది. 1989 దాకా విదేశీయులకు ప్రవేశం లేదు. విమానానికి ఇది ఒక రక్షణ. అంతకన్నా పెద్ద రక్షణ లోతే. వినోదం కోసం దిగే స్క్యూబా డైవర్లకు హద్దు 40 మీటర్లు. దాదాపు దానికి రెట్టింపు లోతున ఉన్నదాన్ని విప్పుకుపోవడం ఎవరికీ సులువు కాదు.

72 మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి 8.2 రెట్లు. అక్కడ మామూలు గాలి పీలిస్తే రెండు ప్రమాదాలు. నైట్రోజన్ మత్తెక్కించి, చూసే కొలతను కూడా అర్థం కానివ్వదు. ఆక్సిజన్ పాక్షిక ఒత్తిడి 1.7 బార్లకు చేరుతుంది. డైవర్లు పాటించే హద్దు 1.4 నుంచి 1.6. అది దాటితే మూర్ఛ రావచ్చు. నీటిలో మూర్ఛ అంటే మరణమే. దీనికి విరుగుడు హీలియం. ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్ మూడూ కలిపిన వాయువును ట్రైమిక్స్ అంటారు. 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం ఉన్న మిశ్రమంతో 72 మీటర్ల దగ్గర నైట్రోజన్ మత్తు మామూలు గాలితో 28 మీటర్ల దగ్గర ఉండేంతకు తగ్గుతుంది.

ఈ విద్య ఒక్కరోజులో పుట్టింది కాదు. విడతలు విడతలుగా పైకి రావాలనే సూత్రాన్ని శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ 1908లో పట్టికల రూపంలో పెట్టాడు. 1937లో డైవర్ మాక్స్ నోల్ హీలియం మిశ్రమంతో మిషిగన్ సరస్సులో 128 మీటర్ల లోతుకు వెళ్లాడు. 1939లో మునిగిన ‘స్క్వాలస్’ జలాంతర్గామిని తీసే పనిలో అమెరికా నౌకాదళం హీలియం వాడింది. ఆ లోతు కూడా దాదాపు 73 మీటర్లు. చాలాకాలం ఇది నౌకాదళాలకూ సముద్రగర్భ చమురు కంపెనీలకూ పరిమితమైంది. 1980లలో ఫ్లోరిడా, మెక్సికోల గుహల్లో దిగేవారు దాన్ని అందిపుచ్చుకున్నారు. 1990ల ఆరంభంలో టెక్నికల్ డైవింగ్ అనే పేరు స్థిరపడింది. పౌరులు యుద్ధకాలపు లోతైన శిథిలాల దాకా రాగలగడం ఆ తర్వాతి మాట.

బి-17 దగ్గర గడిపే సమయం చిన్నది, దానికి చెల్లించే మూల్యం పెద్దది. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే డైవర్ కింద 164 లీటర్లు పీలుస్తాడు. పైన రెండు గంటలు వచ్చే 12 లీటర్ల సిలిండర్ అక్కడ పావుగంటకే ఖాళీ. అందుకే వదిలిన ఊపిరిని శుద్ధిచేసి తిరిగి ఇచ్చే రీబ్రీదర్‌ను ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. అడుగున ఇరవై నిమిషాలు గడిపితే పైకి రావడానికి గంటకు పైగా పడుతుంది. 21 మీటర్ల నుంచి సగం ఆక్సిజన్ ఉన్న మిశ్రమం, 6 మీటర్ల దగ్గర శుద్ధ ఆక్సిజన్ పీలుస్తూ, శరీరంలో కరిగిన వాయువు బయటికి పోయేదాకా వేచి ఉండాలి. తొందరపడితే ఆ వాయువు బుడగలై నరాలను దెబ్బతీస్తుంది.

ఇంత సాధన ఫోటోల కోసమే అయితే గొప్పేమీ కాదు. దాని అసలు విలువ 2020లో తేలింది. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ బృందం, గల్లంతైన అమెరికా సైనికుల కోసం వెతికే ప్రభుత్వ సంస్థ తరఫున, ఈ విమానంలో గాలించి అవశేషాలను పైకి తెచ్చింది. అవి వియనోవేనని 2021లో నిర్ధారించారు. విమానం మాత్రం మునిగిన చోటే ఉంది. క్రొయేషియాలో రక్షిత వారసత్వంగా ప్రకటించిన ఇలాంటి శిథిలాల మీదికి అనుమతి పొందిన డైవింగ్ కేంద్రాల ద్వారానే దిగాలి.