పొలంలో వుడ్‌చక్, ఇంట్లో తూటా: మందుగుండు చరిత్రలో ఒక వింత మలుపు

మందుగుండు అని మనం ఒకే మాటగా అనేస్తాం గానీ, అందులో రెండున్నాయి. మందు వేరు, గుండు వేరు. పాత తుపాకుల్లో నిజంగానే విడివిడిగా పోసి కూరేవాళ్లు. 19వ శతాబ్దంలో ఇత్తడి తొడుగు వచ్చాక రెండూ ఒక్కటై ఫ్యాక్టరీ పని అయిపోయింది. ఆ పనిని మళ్లీ ఇంటి బల్ల మీదికి తెచ్చుకున్న అమెరికా వేటగాళ్ల కథ ఇవాళ చెబుతాను.

అక్కడ పొలాలకి చేటు చేసే జంతువుల్ని వార్మింట్ అంటారు. వాటిలో ముఖ్యమైనది వుడ్‌చక్. ఉడత జాతిదే, కానీ పిల్లంత ఉంటుంది. మేతబీళ్లలో బొరియలు తవ్వుతుంది, పశువు కాలు అందులో పడితే విరుగుతుందని రైతు భయం. అలికిడి వింటే లోపలికి దూరిపోతుంది కాబట్టి 200 గజాల దూరం నుంచే కొట్టాలి. బరువైన గుండు అయితే నేలకి తగిలి ఎగిరి పక్క పొలంలో మనిషికి తగలొచ్చు. అందుకని చిన్న గుండు, మహా వేగం, తగిలిన చోటే ముక్కలైపోవాలి. సరిగ్గా అలాంటిది 1920ల్లో అంగట్లో దొరికేది కాదు.

దాంతో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో టౌన్‌సెండ్ వీలన్, వాట్కిన్స్ లాంటి అధికారులు, 1885 నాటి ఒక పాత వించెస్టర్ తొడుగు తీసుకుని దాంతో ప్రయోగాలు చేశారు. అదే పాయింట్ 22 హార్నెట్. వించెస్టర్ 1930లో ఆ తూటాలు అమ్మడం మొదలెట్టింది. తమాషా ఏంటంటే, దాన్ని కాల్చే రైఫిల్ ఏ కంపెనీ దగ్గరా అప్పటికి లేదు!

ఇంట్లో చేసే పని ఎలా ఉండేదంటే, కాల్చేసిన తొడుగుని అచ్చులో నొక్కి పాత కొలతకి తెస్తారు. పేలిన ప్రైమర్ తీసి కొత్తది పెట్టి, మందు తూచి పోసి, గుండు బిగిస్తారు. తూకం గ్రెయిన్‌లలో, అంటే పౌనులో 7000వ వంతు. మన కంసాలి గురిగింజ కన్నా చిన్నది అన్నమాట. ప్రతి రైఫిల్‌కీ దాని గుణం దానిదే. అందుకే తక్కువ మందుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెం పెంచుతూ, కాగితం మీద రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తారు. ప్రైమర్ చదునైపోతున్నా, బోల్ట్ బిగుసుకుపోతున్నా అక్కడితో ఆగాలి. ఆగకపోతే తుపాకీ మొహం ముందే పగలొచ్చు. (మన దేశంలో అయితే 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా చేయడమే నేరం. ఇది చరిత్ర పాఠం మాత్రమేనండీ.)

నాకు అన్నిటికన్నా నచ్చేది యుద్ధకాలం ముచ్చట. రాగి, సీసం అంతా సైన్యానికి పోయింది, వేటగాడికి గుండ్లు లేవు. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన, తండ్రి లాండ్రీ వెనక గదిలో ఒక ఉపాయం చేశాడు. పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాలు కాల్చాక ఆ ఖాళీ తొడుగులు చెత్తే కదా. వాటి అంచు సాఫీ చేసి, లోపల సీసం పెట్టి, అచ్చులో నొక్కితే కవచమున్న గుండు తయారు! ఆ అచ్చు పేరు రాక్ చక్ బుల్లెట్ స్వేజ్. రాక్ చక్ అంటే పడమటి కొండల్లో ఉండే వుడ్‌చక్ బంధువు. ఇప్పటికీ రీలోడింగ్ పరికరాల మీద కనిపించే ఆర్‌సీబీఎస్ అనే నాలుగక్షరాలు అవే. ఇడాహోలో వెర్నన్ స్పియర్ కూడా దాదాపు అప్పుడే ఇదే దారి పట్టాడు.

ఇక్కడి నుంచి కథ చకచకా నడిచింది. 1950లో రెమింగ్టన్ ఇంజనీరు మైక్ వాకర్ పాయింట్ 222 తెచ్చాడు. ఆయన స్వయంగా గురి పోటీల మనిషి. వార్మింట్ వేటగాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1950ల చివర అమెరికా సైన్యం తేలికైన రైఫిల్ అడిగింది, 500 గజాల దగ్గర ఉక్కు హెల్మెట్‌ని చీల్చాలని షరతు పెట్టింది. పాయింట్ 222లో ఆ శక్తి చాలలేదు. తొడుగుని కాస్త పొడిగించారు. అదే 1964లో పాయింట్ 223 రెమింగ్టన్‌గా అంగట్లోకొచ్చింది. సైన్యం దాన్నే 5.56 మిల్లీమీటర్లు అంటుంది. వియత్నాంలో ఎం16 కాల్చింది అదే.

ఉడత జాతి జంతువు మీద పడిన గురి మనిషి మీదికి మళ్లడానికి పట్టుమని 15 ఏళ్లు పట్టలేదు. మన ఇన్సాస్ రైఫిల్‌లో పట్టేదీ ఆ 5.56 కుటుంబం తూటానే. తొడుగు కొలతలు దాదాపు అవే, గుండు మాత్రం బరువైనది. ఆ గుండు బెల్జియంలో ఎలా పుట్టిందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.