మణికట్టు విరుపు: డబ్లిన్ వైద్యుని వ్యాసము

ముదుసలివారు కాలు జారి పడునప్పుడు తమకు తెలియకయే చేయి ముందునకు చాపుదురు. దేహభారమంతయు అరచేతిమీద పడును. ముంజేతి రెండెముకలలో బొటనవ్రేలి వైపుననున్నది మణికట్టునకు అంగుళము అటునిటుగా విరుగును. ఇంటివారు బెణికినదందురు. పూర్వము వైద్యులు సైతము బెణుకనియో, కీలు తప్పినదనియో భ్రమపడుచుండిరి.

ఇది ఎముక విరుపేనని ఫ్రాన్సు దేశీయుడు క్లాడ్ పూతో వ్రాసెను. ఆయన గతించిన పిదప, 1783లో, ఆ రచన అచ్చుపడినది. కాని ఆ మాట అంతగా వ్యాపింపలేదు. 1814లో డబ్లిన్ శస్త్రవైద్యాచార్యుడు ఏబ్రహామ్ కాలిస్ ఎడిన్‌బరో వైద్యపత్రికలో చిన్న వ్యాసమొకటి ప్రకటించెను. నాటికి ఎక్స్‌రే లేదు. ఆయన తన చేతులతోనే తెలిసికొనెను: రోగి చేతిని మెల్లగా పట్టి లాగినచో వంకర పోవును, విడిచినంతనే మరల వచ్చును. పొరపాటు చికిత్స వలన రోగి నెలల తరబడి వ్రేళ్లు ముడువలేక బాధపడునని హెచ్చరించి, ఒక ఊరట చెప్పెను. వంకర యావజ్జీవము నిలుచును. అయినను ఎన్నడో యొకనాడు చేయి నొప్పి లేక చక్కగా కదలునట!

రూపమువేరు, పనివేరు. వ్యాసమున నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఇదియే.

1895లో రెండు సంగతులు జరిగినవి. పారిస్‌లో లూకా షాంపియోన్యేర్, విరిగిన అవయవమును కదలకుండ బంధించుటకంటె మర్దించి కదల్చుట మేలని గ్రంథము వెలువరించెను. జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్‌రే కనుగొనెను. పటములో ఎముక కనబడగానే వైద్యుని చూపు చేతి పనినుండి ఎముక రూపమునకు మరలినది. 2000 తరువాత మరలతో బిగించు లోహపు పలకలు ప్రచారమునకు వచ్చినవి.

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో 65 ఏండ్లు, ఆపైబడిన 73 మందిని పరిశీలించి 2011లో ఫలితములు ప్రకటించిరి. పలక వేసినవారి ఎముకయే పటములో చక్కగా నున్నది. పిడికిటి బలమును కొంత హెచ్చు. మొదటి నెలలలో పనియు సుకరము. కాని సంవత్సరము తిరుగునప్పటికి కదలికలోను, నొప్పిలోను, దైనందిన కార్యములలోను ప్లాస్టరు కట్టు వారితో భేదము కానరాలేదు. 60 ఏండ్లు పైబడినవారిని గూర్చి ఆస్ట్రేలియా, న్యూజిలాండు వైద్యులు 2021లో ప్రకటించిన పరిశోధనయు ఇట్లే తేల్చినది. పడుచువారి మాట వేరు. నరము నొక్కుకొనిపోయి వ్రేళ్లు తిమ్మిరెక్కిన వారి మాటయు వేరు. వారికి శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

కట్టు ఇంచుమించు ఆరు వారములుండును. ఆ దినములలో వ్రేళ్లను, మోచేతిని, భుజమును ఊరకుంచినచో ఎముక అతికినను చేయి బిగుసుకొనిపోవును.

పాశ్చాత్య వైద్యుల ప్రశ్నపత్రములు తాళము త్రిప్పగలరా, బిగిసిన సీసామూత తీయగలరా యని యడుగును. మన ముత్తవ్వకు కావలసినది తడిబట్ట పిండుట, అన్నము కలిపి ముద్ద చేయుట, తీర్థమునకు అరచేయి వెల్లకిల పట్టుట. ఈ కడపటిదానికి ముంజేతి ఎముకలు ఒకదానిచుట్టు నొకటి తిరుగవలెను. తరచు చిక్కు అక్కడనే. అందుచే కట్టు విప్పిన పిదప, మోచేతిని ప్రక్కకు ఆనించి, అరచేతిని పైకి, క్రిందికి దినమునకు పలుమారులు త్రిప్పింతురు.