రమ్మీ జూదమా? కాదా?

మన హాలులో సాయంత్రం నాలుగు దాటితే రమ్మీ బల్ల వేస్తారు. ఎవరైనా నసిగితే జవాబు సిద్ధం: "రమ్మీ జూదం కాదండీ, సుప్రీంకోర్టే చెప్పింది." ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూద్దాం.

ఋగ్వేదం పదవ మండలంలోనే ఒక జూదరి గోడు ఉంది. ఆనాటి పాచికలు తానికాయలు. ఆలి దూరమైంది, అత్తకు అసహ్యం, అప్పు పుట్టదు; అయినా గలగల వినబడితే కాళ్లు అటే పోతాయి. కౌటిల్యుడు జూదాన్ని మానిపించే ప్రయత్నం చేయలేదు. ద్యూతాధ్యక్షుణ్ణి నియమించి, ఒకేచోట ఆడించి, గెలుపులో నూటికి ఐదు వసూలు చేయమన్నాడు. ఆ వంకన దొంగల ఆచూకీ కూడా దొరికేది.

బ్రిటిష్ వారి 1867 చట్టం, నిజాం రాజ్యంలో 1305 ఫసలీ చట్టం జూదగృహాలను నిషేధించాయి. కేవలం నేర్పు మీద ఆధారపడిన ఆటలను వదిలిపెట్టాయి. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసు దాడి జరిగి, వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కనుక రమ్మీలో నేర్పే ప్రధానమని 1967లో తీర్పు వచ్చింది. అయితే పందెం ఆట మీద క్లబ్బువారు లాభం తీస్తే నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో ఉంది. ఆ వాక్యం ఎవరికీ గుర్తుండదు!

మా సెక్షనులో ఒక సహోద్యోగి ఉండేవాడు. ముక్కలు గుర్తుపెట్టుకోవడంలో అతణ్ణి మించినవాడు లేడు. పిల్ల వైద్యమని, ఇంటి మరమ్మతని పి.ఎఫ్. అడ్వాన్సుకు దరఖాస్తు పెడితే నోటు రాసింది నేనే. కారణం అబద్ధమని తెలుసు. చివరకు అతని భార్య ఒకటో తారీఖున ఆఫీసు మెట్ల దగ్గర నిలబడేది, జీతం చేతికి రాగానే తీసుకోవడానికి. మేం నవ్వుకున్నాం. అతనికి వైద్యం కావాలని మాలో ఎవరికీ తట్టలేదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం జూదవ్యసనాన్ని రుగ్మతల పట్టికలో చేర్చింది 1980లో. 2013లో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల సరసన పెట్టింది. ఆటలో నేర్పు ఉందా లేదా అని చట్టం అడుగుతుంది; డాక్టరు అడిగేది వేరు. పోయిన డబ్బు రాబట్టాలని మళ్లీ కూర్చుంటున్నావా? ఇంట్లో దాస్తున్నావా? అప్పు చేస్తున్నావా?

ఆటలు ఫోనులోకి వచ్చాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల విషయంలో నేర్పు, అదృష్టం అన్న తేడానే తీసేసింది. శిక్షలు ఆడించేవారికి.

మన బల్ల మీద పందెం వద్దని కమిటీకి రాసిచ్చాను. కాఫీ బిల్లు దాకా అభ్యంతరం లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 కూడా నోటీసు బోర్డులో రాయించాను. ఉచితం, రాత్రింబవళ్లు పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆడేవారే చేయనక్కరలేదు, ఇంట్లోవారైనా చేయవచ్చు.