గుండీలు చేసి బతికిన కుండల కళాకారిణి

"బ్రో, జాబ్ మానేసి నచ్చింది చేస్తే ఇల్లు గడుస్తుందా?" సాఫ్ట్‌వేర్ వదిలి కెమెరా ముందుకి వచ్చాను కాబట్టి అందరూ నన్నే అడుగుతారు. దీనికి నాకంటే బాగా జవాబు చెప్పే జీవితం ఒకటుంది. లూసీ రీ.

1902లో వియన్నాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. మట్టిపని చదువుకుని, 1935లో బ్రస్సెల్స్ ఎగ్జిబిషన్‌లో గోల్డ్ మెడల్ కొట్టారు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు, ఈవిడ లండన్ పారిపోయారు. అక్కడ ఆ మెడల్‌ని పట్టించుకునేదెవరు? పైగా ఇంగ్లండ్ కుండల లోకంలో అప్పుడు బెర్నార్డ్ లీచ్ గారి మాటే మాట. ఆయనకి ఈవిడ చేసే పల్చటి గిన్నెలు నచ్చలేదు.

హైడ్ పార్క్ దగ్గర ఆల్బియన్ మ్యూస్ అనే సందులో చిన్న ఇల్లు, అందులోనే వర్క్‌షాప్. బయట యుద్ధం. బట్టల డిజైనర్లకి మంచి గుండీలు దొరకట్లేదు. ఈవిడ మట్టితో గుండీలు మొదలెట్టారు! అచ్చులో మట్టి నొక్కడం, గ్లేజ్ పూయడం, బట్టీలో కాల్చడం.

ఇక్కడ కాస్త ఆగుదాం. కస్టమర్ ఒక బట్ట ముక్క ఇచ్చి "ఇదే రంగు కావాలి" అంటారు. గ్లేజ్ పూసినప్పుడు ఒక రంగు, కాలాక ఇంకో రంగు. రన్ చేస్తే గానీ బగ్ బయటపడని కోడ్ లాంటిదన్నమాట. అంటే ప్రతి ఆర్డరూ ఒక టెస్టే. తర్వాత ఆవిడ గిన్నెల మీద కనిపించే గులాబీ, పసుపు, నీలం రంగుల వెనక ఈ సాధన ఉంది. "పాపం, గుండీలు చేస్తూ టాలెంట్ వేస్ట్ చేసుకుంది" అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ జీతం లేని ట్రైనింగ్‌కి డబ్బు కట్టింది కస్టమర్లే కదా!

1946లో గుండీల పనికి హెల్పర్‌గా హాన్స్ కోపర్ వచ్చాడు. జర్మనీ నుంచి వచ్చిన శరణార్థి, మట్టిపని అస్సలు రాదు. లీచ్‌ని మెప్పించాలని చూడకండి, మీ దారిలో మీరు చెయ్యండి అని ఆవిడకి ధైర్యమిచ్చింది ఇతనే. తర్వాత తనూ పెద్ద కళాకారుడయ్యాడు. ఇద్దరూ కలిసి కాఫీ కప్పులు, సలాడ్ గిన్నెలు చేసి అమ్మారు. చాలావాటి అడుగున ఇద్దరి ముద్రలూ ఉంటాయి.

అయితే ఇది ఆరు నెలల్లో తేలిన లెక్క కాదు. ఆర్ట్స్ కౌన్సిల్ ఆవిడ జీవితకాలపు పనిని ఎగ్జిబిషన్‌గా పెట్టింది 1967లో. అప్పటికి వయసు 65. ఇంటి ఖర్చుకి ఆ కప్పులూ గుండీలూ ఎంతో ఆసరా అయ్యాయి.

1989లో జపాన్ డిజైనర్ ఇస్సే మియాకె తన కొత్త బట్టలకి ఏం కుట్టించాడో తెలుసా? ఆ పాత గుండీలే. వచ్చే ఎపిసోడ్‌లో కోపర్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.