నూరుకి వయసు కలిపితే

మా అమ్మకి లెక్కలంటే మహా ఇష్టం. చదివింది ఎనిమిదో తరగతే అయినా పాలవాడి పద్దూ, చాకలి పద్దూ, చీటీపాట లెక్కా అన్నీ నోటితోనే తేల్చేస్తుంది. 2016లో ఒక ఆదివారం పొద్దున్న, నేను కొత్తగా కొన్న బీపీ మిషను పట్టీ ఆవిడ చేతికి చుట్టి బొత్తాం నొక్కేను. పట్టీ బుస్సుమని ఉబ్బి, మెల్లిగా తగ్గి, అంకెలు చూపించింది.

"ఎంతుందే?" అంది అమ్మ.

"పైది నూట అరవై అయిదు" అన్నాను కంగారుగా.

అమ్మ మొహం వికసించింది. "మరింకేం! నాకు అరవై అయిదు నిండేయి. నూరు కలుపు. అణా పైసలతో సహా సరిపోయింది" అంది, పరీక్ష పాసయిన పిల్లలా.

"ఈ లెక్క నీకెవరు చెప్పేరు?"

"ఒకరు చెప్పేదేముంది? చిన్నప్పట్నించీ వింటున్నదే. నూరుకి వయసు కలిపితే ఎంతొస్తే అంత ఉండొచ్చు. మీ అమ్మమ్మకి కూడా అలాగే చెప్పేవారు."

ఆ లెక్క నేనూ విన్నదే. మీరూ వినే ఉంటారు. జుట్టు నెరవడం, చత్వారం రావడం ఎలాగో, వయసుతో పాటు రక్తపోటు పెరగడమూ అలాగేనని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం. పైగా మనిషి నిక్షేపంలా తిరుగుతోంది. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. నేనూ ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానా అని తరవాత చాలాసార్లు అనుకున్నాను. ఆ సంగతి చివర చెప్తాను. ముందు ఈ లెక్క ఎక్కడ పుట్టిందో, ఎలా తప్పిందో చెప్పుకోవాలి. అది తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, దాని వెనక సుమారు మూడు వందల ఏళ్ళ కథ కనిపించింది.

కథ మొదలైంది ఒక గుర్రంతో. లండను దగ్గర టెడ్డింగ్టన్ అనే ఊళ్ళో స్టీఫెన్ హేల్స్ అనే క్రైస్తవ మతగురువు ఉండేవాడు. ఆదివారం చర్చిలో ప్రసంగం చెప్పడం, తక్కిన రోజుల్లో చెట్లలో నీరు పైకి ఎలా ఎక్కుతుందో, జంతువుల ఒంట్లో నెత్తురు ఎంత బలంగా పరిగెడుతుందో కొలుస్తూ కూర్చోవడం - ఇదీ ఆయన వరస. ఒక ఆడగుర్రాన్ని కట్టి పడుకోబెట్టి, తొడ దగ్గర ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి నిలువుగా పొడుగాటి గాజుగొట్టం తగిలించేడు. నెత్తురు ఆ గాజుగొట్టంలో 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకి ఎగబాకింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకీ కిందకీ ఊగింది. ఆ సంగతులన్నీ 1733లో పుస్తకంగా అచ్చువేసేడు. గుర్రం మాత్రం బతకలేదు.

మనుషుల్ని ఇలా కొలవడం కుదరదు కదా! తరవాత దాదాపు వందేళ్ళకి, 1828లో, పారిస్‌లో పోజాయ్ అనే ఆయన గాజుగొట్టంలో పాదరసం పోసి కొలిచేడు. పాదరసం నీటి కన్నా పదమూడున్నర రెట్ల బరువు. అందుచేత ఎనిమిది అడుగుల గొట్టం జానెడు పొడుగుకి దిగింది. నూట ఇరవై, నూట నలభై అని మనం చెప్పుకునే అంకెలు ఆ పాదరసం ఎక్కిన మిల్లీమీటర్లే. ఇవాళ పాదరసం లేని మిషన్లు వచ్చినా, కొలత పేరు మాత్రం పోలేదు.

చేతికి పట్టీ చుట్టే పద్ధతి ఇటలీలో పుట్టింది. 1896లో టూరిన్‌లో రివా-రోచీ అనే వైద్యుడు సైకిలు ట్యూబూ, సిరాబుడ్డీ లాంటి సామాన్లతోనే పరికరం తయారుచేసేడు. పట్టీలోకి గాలి కొడుతూ ఉంటే, మణికట్టు దగ్గర నాడి ఎక్కడ ఆగిపోతుందో అదే పై అంకె. కింది అంకె మాత్రం దానితో తెలిసేది కాదు. దాన్ని పట్టుకున్నవాడు నికొలాయ్ కొరొత్కోవ్ అనే రష్యన్ సర్జను. మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి, పట్టీలో గాలి మెల్లిగా వదుల్తూ వింటే, ఒకచోట టక్‌టక్ మని చప్పుడు మొదలవుతుంది, మరోచోట ఆగిపోతుంది. మొదలైనచోట పై అంకె, ఆగినచోట కింది అంకె. 1905లో ఈ సంగతిని ఆయన ఒక పేజీ కూడా నిండని నివేదికలో చెప్పేడు. ఒక్క పేజీతో ప్రపంచంలో డాక్టర్లందరి చేతా చెవి ఒగ్గించేడు!

అంకెలు చేతికొచ్చేయి. ఇక వాటినేం చేసుకోవాలి?

ఇక్కడే తిరకాసంతా వచ్చింది. వందలమందిని కొలిచి చూస్తే, వయసు పెరిగినకొద్దీ పై అంకె పెరుగుతున్నట్టు కనబడింది. ముప్ఫయ్యేళ్ళవాడికి నూట ముప్ఫయి లోపు, అరవయ్యేళ్ళవాడికి నూట అరవై దాకా - నూరు ప్లస్ వయసు. గుర్తుపెట్టుకోవడానికి హాయిగా ఉంది. కానీ నలుగురికీ ఉన్నది నలుగురికీ మంచిదని అర్థమా? మా చిన్నప్పుడు వీధిలో ముసలివాళ్ళందరికీ పళ్ళు ఊడిపోయి ఉండేవి. అంతమాత్రాన పళ్ళు ఊడడమే ఆరోగ్యం అనుకుంటామా?

పెద్ద పెద్ద వైద్యులే అలా అనుకున్నారు. వయసుతో రక్తనాళాలు గట్టిపడి ఇరుకవుతాయి, వాటిలోంచి నెత్తుర్ని తొయ్యాలంటే గుండె గట్టిగా కొట్టాలి, కాబట్టి ఆ పోటు శరీరానికి అవసరం - ఇదీ వాదన. కారణం తెలియని రక్తపోటుకి 'ఎసెన్షియల్ హైపర్‌టెన్షన్' అని పేరు. ఆ 'ఎసెన్షియల్' అన్నమాటని చాలామంది 'అవసరమైనది' అనే అర్థం చేసుకున్నారు. 1931లో ఇంగ్లండులో జాన్ హే అనే పేరుమోసిన వైద్యుడు, రక్తపోటు ఉన్నవాడికి అసలు గండం ఆ సంగతి బయటపడడమేననీ, బయటపడితే ఎవడో ఒక తెలివితక్కువవాడు దాన్ని తగ్గించబోతాడనీ అన్నాడు.

అప్పటికే నిజం పసిగట్టినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు అమెరికాలో జీవిత బీమా కంపెనీలవాళ్ళు. పాలసీ ఇచ్చేముందు బీపీ చూడడం మొదలుపెట్టి, ఎవరు ఎప్పుడు పోయేరో దస్త్రాలు తిరగేసి చూసుకుంటే, పోటు ఎక్కువున్నవాళ్ళు ముందుగా పోతున్నారని తేలింది. డబ్బు కట్టవలసినవాడికి ఉన్న శ్రద్ధ ఇంకొకరికి ఎందుకుంటుంది?

ఈ నమ్మకానికి బలైనవాళ్ళలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఒకడు. 1937లో ఆయనకి 55 ఏళ్ళు, బీపీ 162/98. అమ్మ లెక్కన చూస్తే ఏడే ఎక్కువ! 1941లో 188/105. ఆయన సొంత వైద్యుడు చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు. అధ్యక్షులవారు తన వయసుకి తగ్గట్టే ఉన్నారని లోకానికి చెబుతూ వచ్చేడు. 1944 మార్చిలో హోవర్డ్ బ్రూయెన్ అనే కుర్ర హృద్రోగ వైద్యుడు పరీక్ష చేసేసరికి బీపీ 186/108. గుండె పెద్దదై అలిసిపోయి ఉంది. విశ్రాంతి తీసుకోమనీ, ఉప్పు తగ్గించమనీ, సిగరెట్లు తగ్గించమనీ చెప్పి, గుండెకి డిజిటాలిస్ ఇచ్చేడు. బీపీని తగ్గించే సరయిన మందు అప్పటికి లోకంలో లేదు. యుద్ధం నడిపే దొరకి ఆ రోజు మన ఇంటి పక్క మందులషాపులో దొరికే మాత్ర ఒక్కటి దొరకలేదంటే చూడండి!

1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్ అనే ఊళ్ళో బొమ్మ వేయించుకుంటూ కూర్చున్న మనిషి తల వెనక విపరీతమైన నొప్పి అన్నాడు. అంతే, స్పృహ తప్పింది. అప్పుడు బీపీ 300/190. మెదడులో నరం చిట్లి ఆ మధ్యాహ్నమే పోయేడు. 63 ఏళ్ళు.

దానికి రెండు నెలల ముందు యాల్టాలో తీసిన ఫొటో మీరు చరిత్ర పుస్తకంలో చూసే ఉంటారు. చర్చిల్, రూజ్‌వెల్ట్, స్టాలిన్ వరసగా కూర్చుని ఉంటారు. ప్రపంచాన్ని పంచుకున్న ఆ ముగ్గురి మెదళ్ళనీ ఒకే రకం దెబ్బ కొట్టింది. స్టాలిన్ 1953 మార్చిలో అలాగే పోయేడు. అదే ఏడు జూన్‌లో, ప్రధానమంత్రిగా ఉండగానే చర్చిల్‌కి పక్షవాతం వచ్చింది. కొన్నాళ్ళు ఆ సంగతి జనానికి తెలియనివ్వలేదు.

రూజ్‌వెల్ట్ పోయిన మూడేళ్ళకి, 1948లో, బోస్టన్ దగ్గర ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న ఊళ్ళో 5,209 మంది ఆడా మగా పేర్లు రాసుకుని, రెండేళ్ళకోసారి పరీక్ష చేస్తూ, ఎవరికి ఎప్పుడు ఏమవుతుందో చూడడం మొదలుపెట్టేరు. తిన్నగా తిరుగుతున్నవాళ్ళలోనే, ఏ బాధా లేనివాళ్ళలోనే, బీపీ ఎక్కువున్నవాళ్ళకి గుండెపోటూ పక్షవాతమూ ఎక్కువ వచ్చేయి. వయసుకి తగ్గ పోటు అనేది ఒకటి ఉంటే అది కాపాడాలి కదా, కాపాడలేదు.

మరి మందు? ఇక్కడ మన దేశం వంతు వచ్చింది. పాము కాటుకీ, పిచ్చికీ మన వైద్యులు ఏనాటినించో వాడుతున్న సర్పగంధ వేరుని 1931లో కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు డాక్టర్లు రక్తపోటుకి పనికొస్తుందని రాసేరు. అది మన ఎల్లలు దాటలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, తాను ఆ మందిచ్చిన 50 మంది రోగుల వివరాలు బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించేసరికి ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరునించి రిసెర్పిన్ తీసేరు. మనసు కుంగదీసే గుణం ఉండడంవల్ల తరవాత అది వెనకబడింది. అయినా, బీపీ మందుతో తగ్గేదేనని లోకానికి చూపించిన తొలి మందుల్లో అదొకటి.

తగ్గిస్తే ప్రాణాలు దక్కుతాయా అన్నది ఇంకా తేలాలి. అమెరికాలో ఎడ్వర్డ్ ఫ్రీస్ అనే వైద్యుడు, కింది అంకె 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మాజీ సైనికుల్ని రెండు భాగాలు చేసి, ఒకరికి నిజం మాత్రలు, ఇంకొకరికి ఉత్త మాత్రలు ఇచ్చి చూసేడు. 1967లో ఫలితం వచ్చింది. ఉత్త మాత్రల వాళ్ళలో 27 మందికి పెద్ద ప్రమాదాలు జరిగేయి, నలుగురు పోయేరు. మందు వేసుకున్నవాళ్ళలో ప్రమాదం ఇద్దరికి; పోయినవారు లేరు.

అయినా ముసలివాళ్ళ విషయంలో పాత లెక్క చాలాకాలం పోలేదు. 1991లో, అరవై దాటి పై అంకె మాత్రమే ఎక్కువున్న 4,736 మంది మీద చేసిన పరీక్షలో, మందు వాడితే పక్షవాతం మూడోవంతుకి పైగా తగ్గింది. 2008లో ఎనభై దాటినవాళ్ళ మీదా చేసేరు. మందిచ్చినవాళ్ళలో చావులు తగ్గడం చూసి ఆ పరీక్షని గడువుకి ముందే ఆపేసేరు. పెద్దవాళ్ళకి మరీ తగ్గిస్తే కళ్ళు తిరిగి పడే భయం ఉంది నిజమే. అందుకే ఎంతకి దించాలో డాక్టరు చూసి చెప్పాలి. కానీ 'వయసు కదా' అని వదిలెయ్యడం మాత్రం లెక్క కాదు.

అసలు వయసుతో బీపీ పెరిగి తీరాలా? 1988లో 32 దేశాల్లో పదివేలమందిని చూసిన ఒక పరిశీలన ప్రకటించేరు. అందులో ఉప్పన్నదే ఎరగని యానోమామీలు అనే అమెజాన్ అడవివాళ్ళ సగటు బీపీ 95/61, వయసొచ్చినా పెరగదు. అదే ఏడు ఇటలీనించి ఇంకో చిత్రమైన సంగతి బయటికొచ్చింది. ఏకాంతంగా, మౌనంగా మఠంలో బతికే 144 మంది సన్యాసినుల్నీ, బయట లోకంలో ఉన్న 138 మంది ఆడవాళ్ళనీ 20 ఏళ్ళు గమనించేరు. ఉప్పు ఇద్దరూ ఇంచుమించు ఒకలాగే తిన్నారు. బయటివాళ్ళ బీపీ పెరుగుతూ పోయింది. సన్యాసినులది దాదాపు ఉన్నచోటే ఉంది. ఇది చదివి మావారికి వినిపించేను. "అయితే మఠానికి వెళ్ళిపోతావా?" అన్నారు. "మఠమెందుకు, రోజుకో గంట మీరూ పిల్లలూ నన్ను పిలవకుండా ఉంటే చాలు" అన్నాను.

ఇవన్నీ నేను చదివింది తరవాత.

2018 జనవరిలో, భోగి ఇంకా నాలుగు రోజులుందనగా, అమ్మ తెల్లవారుజామునే లేచి కళ్ళాపి చల్లి ముగ్గు మొదలుపెట్టింది. నేను లేచి వెళ్ళేసరికి మెట్టుకి ఆనుకుని కూలబడి ఉంది. కుడిచెయ్యి లేవడం లేదు. మాట రావడం లేదు. చుక్కలన్నీ వరసలో ఉన్నాయి. గీత మాత్రం నాలుగో చుక్క దాటేక పక్కకి జారి, వీధిలోకి పోయింది.

"బీపీ ఉందా?" అన్నారు ఆసుపత్రిలో డాక్టరుగారు.

"నూట అరవై అయిదు ఉండేదండీ."

"మందు?"

"వాడటం లేదు."

ఆయన ఏమీ అనలేదు. కాగితం మీద రాసుకున్నారు. ఏమైనా అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అమ్మ లేచి తిరగడానికి ఏడు నెలలు పట్టింది. మాట వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం పిండి పట్టవు. ఎడమచేత్తో అయిదు చుక్కల ముగ్గు వేస్తుంది, చిన్నపిల్ల వేసినట్టు వంకరగా. పొద్దున్న కాఫీతో పాటు మాత్ర వేసుకుంటుంది. మజ్జిగలో ఉప్పు మానేసింది. ఆవకాయ దగ్గర మాత్రం డాక్టరుగారి మాట కొంచెం జవదాటుతుంది.

మొన్నొకనాడు మిషను పెట్టి చూసేను. పైది నూట ముప్ఫయి.

"ఎంతే?" అంది. చెప్పేను.

కాసేపు ఆలోచించింది. "నూరు తీసెయ్. అయితే నాకిప్పుడు ముప్ఫయ్యేళ్ళన్నమాట" అని నవ్వింది. నవ్వితే మూతి ఇంకా కొంచెం ఎడమకి పోతుంది.

ఈసారి ఆ లెక్క నేను దిద్దలేదు.