ఉత్తరేణి రక్ష – పల్నాటి భయములు

చేనిగట్టున, దొడ్డిగోడ వెంట, పాడుపడిన గుడి ప్రాకారమున ఎవరును నాటకయే మొలచి, ఎవరును నీరు పోయకయే పెరుగునది ఉత్తరేణి. దాని వెన్నులోని ముండ్లగింజలు క్రిందికి వంగి, దారిన పోవువారి పంచెలకును చీరకుచ్చెళ్ళకును అంటుకొనును. కలుపని మనము పీకివేయు ఈ మొక్కను మన పూర్వులు రక్షగా ఏల నమ్మిరో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

సంస్కృతమున దీని పేరు అపామార్గము. తుడిచివేయునది యని అర్థము. అథర్వవేదము నాల్గవ కాండమున 17, 18, 19 సూక్తములు దీనిని గూర్చినవే. గింజలు వెనుకకు తిరిగియుండుటచేత, ఈ మొక్క చేతబడిని చేసినవానిపైకే మరలించునని ఋషుల భావన. ఆకలిచావును, దప్పిచావును తుడిచివేయుమనియు అందు ప్రార్థన కలదు. శతపథ బ్రాహ్మణము రాజసూయమున రాక్షసబాధ తొలగుటకై అపామార్గ హోమమును విధించినది. చరకసంహిత సూత్రస్థానమున రెండవ అధ్యాయమునకు ఈ మొక్క పేరే పెట్టబడినది. దీని గింజలతో కాచిన జావ ఆకలిని అణచునని అందు చెప్పబడినది.

అట్టి వైదిక కర్మలు మన కృష్ణాతీరమునకు క్రొత్తవి కావు. మూడవ శతాబ్దిలో విజయపురి నేలిన ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు వాజపేయ, అశ్వమేధములు చేసినట్లు నాగార్జునకొండ శాసనములు తెలుపుచున్నవి. రాజు యాగశాలలో కోరిన రక్షనే రైతు తన వాకిట కోరెను. వినాయక చవితి నాటి 21 పత్రులలో ఉత్తరేణి యొకటి. నరక చతుర్దశినాడు తలంటు వేళ దాని రెమ్మను తలచుట్టు త్రిప్పుదురు. బుధగ్రహ హోమమునకు అదియే సమిధ. దాని పుల్ల పండ్లు తోముటకు, ఆకు పసరు తేలు కుట్టినచోట పూయుటకు వాడుక.

పల్నాటి సీమలో ఈ నమ్మకమునకు బలమైన కారణము లున్నవి. నాపరాళ్ళు, పాములు, తేళ్ళు, జొన్న సజ్జల కూడు ఇచ్చటి బ్రతుకని శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన చాటువు చెప్పుచున్నది. 1832-33లో గుంటూరు సీమను నందన కరువు పీడించినది. జనులు దానిని డొక్కల కరువనిరి. ఆకలి, దప్పి, విషము – వేదఋషి తుడిచివేయగోరిన భయములే పల్నాటి రైతువియు.

అందు మొదటి రెండింటిని చాలవరకు తుడిచినది మనుష్య ప్రయత్నము. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలబడినది. మెట్టచేలలో వరి పండినది.

మూడవ భయము మాత్రము ఇంకను మన రాళ్ళ క్రింద దాగియున్నది. ఎఱ్ఱతేలు విషము గుండెను, ఊపిరితిత్తులను దెబ్బతీయును, పసిబిడ్డలకు ప్రాణాపాయము. మహారాష్ట్రలోని మహాడ్ ప్రాంతమున వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980 దశకమున ప్రాజోసిన్ అను మందు వాడి ఎందఱనో బ్రతికించెను. కాని ఆ మందు వేళకు అందవలెను. పసరు పూయుచు, మంత్రము కొఱకు వేచియుండుచు గడపిన గడియలే బిడ్డ ప్రాణమును తీయగలవు.

కావున సోదరులారా, ఉత్తరేణిని తృణీకరింపవలదు. మన పెద్దలు వేనికి భయపడిరో, వేనిని కోరిరో తెలుపు చరిత్ర దానియందున్నది. అవ్వలు, తాతలు ఎఱిగిన చెట్లపేర్లను, వాడుకలను వ్రాసి ఈ గ్రంథాలయమున భద్రపఱపుడు. తేలు కుట్టిన బిడ్డను మాత్రము తక్షణమే ఆసుపత్రికి చేర్పుడు.